పసివారి ఊపిరిదారి: హైదరాబాదు క్లోరోఫారము వాదము, నేటి శ్వాసగొట్టము

పాలమూరునకు మహబూబ్‌నగర్ అను పేరు 1890లో వచ్చినదనియు, అది ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరనియు మన విద్యార్థులు ఎరుగుదురు. గద్వాల, వనపర్తి సంస్థానములు గాని, నాగర్‌కర్నూలు ప్రాంతము గాని ఆ కాలమున ఆయన రాజ్యములోనివే. అయితే అదే 1890వ సంవత్సరము జనవరిలో లండనునుండి వెలువడు ‘లాన్సెట్’ అను వైద్యపత్రికలో హైదరాబాదు పేరుగల ఒక నివేదిక అచ్చయినదనియు, ఆ పరిశోధనకు ఆ నిజామే ధనము సమకూర్చినారనియు ఎరిగినవారు తక్కువ. ఆ నివేదిక తేల్చదలచిన ప్రశ్న ఒక్కటే: మత్తుమందు ప్రాణము తీయునపుడు ముందుగా ఆగునది గుండెయా, ఊపిరియా?

ఈ ప్రశ్న నేటికిని పాతబడలేదు. శస్త్రచికిత్స బల్లమీద పరుండిన పసిబిడ్డ విషయమున అది మరింత పదునెక్కుచున్నది. మత్తులో ఉన్న బిడ్డ ఊపిరిదారిని తెరచి ఉంచుటకు వాయునాళములోనికి ఒక సన్నని గొట్టమును పంపుదురు. ఆ గొట్టమును ఎట్లు ఎన్నుకొందురు, ఎట్లు వేయుదురు, అది పెద్దవారికి వేయు గొట్టముకన్న ఎందుకు వేరు అను విషయములను ఈ వ్యాసమున చెప్పదలచినాము. మేము తెలుగు బోధించువారమే గాని వైద్యులము కాము. ఐనను వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. మన విద్యార్థులలో కొందరు వైద్యులుగా, నర్సులుగా, మత్తుమందు విభాగపు సాంకేతికులుగా ఆ తలుపులు దాటి లోపలికి పోవుదురు. మిగిలినవారు తమ్ముని ఎత్తుకొనియో, అక్కబిడ్డను ఎత్తుకొనియో ఆ తలుపుల బయట నిలుచుందురు. ఇద్దరికిని ఈ విషయము కావలసినదే.

మొదట ఆ పాతవాదమును చూతము. 1847 నవంబరులో ఎడింబరో నగరమున సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చినాడు. రెండు నెలలు గడిచినవో లేదో, 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాసిల్ దగ్గర హానా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయుటకై ఇచ్చిన క్లోరోఫారముతో నిమిషములలో ప్రాణము విడిచినది. గోరు కొరకు పోయిన ప్రాణము! క్లోరోఫారము వలన సంభవించినదని నమోదైన మొదటి మరణము అదే. నాటినుండి వైద్యులు రెండు పక్షములైనారు. మందు గుండెను ఆపునని లండను పక్షము, ఊపిరిని ఆపునని ఎడింబరో పక్షము. మొదటివారు నాడి మీద వ్రేలుంచవలెననిరి, రెండవవారు ఊపిరి మీద చూపు నిలుపవలెననిరి.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగాను, అచ్చటి వైద్యపాఠశాలకు అధిపతిగాను ఉండిన ఎడ్వర్డ్ లారీ ఎడింబరోలో చదివినవాడు, గురువుమాట జవదాటనివాడు. 1888లో ఆయన ప్రోద్బలముతో మొదటి హైదరాబాదు క్లోరోఫారము సంఘము కూడినది. కుక్కలమీద పరీక్షలు చేసి, ముందు ఆగునది ఊపిరియే అని తీర్పు చెప్పినది. లండను పత్రిక సందేహము వెలిబుచ్చగా, తమ ప్రతినిధిని పంపి చూచుకొండని నిజాము 1,000 పౌండ్లు ఇచ్చినారు. 1889లో లాడర్ బ్రంటన్ అను పేరుగాంచిన శాస్త్రజ్ఞుడు హైదరాబాదునకు వచ్చి రెండవ సంఘములో పనిచేసినాడు. ఆ సంఘమున రుస్తుంజీ హకీం అను హైదరాబాదు వైద్యుడును సభ్యుడు. వందలకొలది జంతువులమీద పరీక్షలు జరిగిన పిమ్మట తీర్పు మరల అదే వచ్చినది. ఊపిరిని చూడుము, నాడిని చూడవలసిన పనిలేదు.

ఈ తీర్పు సగమే నిజము. 1911లో గుడ్‌మన్ లెవీ అను ఆంగ్లవైద్యుడు పిల్లులమీద చేసిన పరీక్షలలో, మత్తు తేలికగా ఉన్న దశలోనే క్లోరోఫారము గుండె లయను చెదరగొట్టి ఊపిరి కంటె ముందే ప్రాణము తీయగలదని నిరూపించినాడు. లారీ పట్టుదల వలన నాడిని చూడని అలవాటు చాలకాలము సాగినది. అది మంచి అలవాటు కాదు. శాస్త్రమున ఒక మాటను నిజమనుట వేరు, అది తప్ప మరొకటి నిజము కాదనుట వేరు. లారీ ఈ రెండింటిని కలిపివేసినాడని మా అభిప్రాయము. ఐనను ఆయన పాఠశాల మేలు చేయలేదనరాదు. ఆయన వద్ద చదివి క్లోరోఫారము ఇచ్చుటలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూంజీ ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరు. ఆడపిల్లల చదువును గురించి ఇప్పటికిని తటపటాయించువారు మన ఊళ్ళలో ఉన్నారు కనుక ఈ పేరును ఇచ్చట నిలిపి చెప్పుచున్నాము.

ఇంతకు, పెద్దవారి విషయమున సగమే నిజమైన ఆ హైదరాబాదు మాట పసివారి విషయమున దాదాపు నిండునిజమగుచున్నది. పెద్దవారిలో గుండె తన జబ్బుచేత తానే ఆగుట సామాన్యము. బిడ్డ గుండె సాధారణముగ ఆరోగ్యమైనది. అది నెమ్మదించినదన్న చాల సందర్భములలో ప్రాణవాయువు చాలక నెమ్మదించినదనియే అర్థము. మత్తువైద్యుడు బిడ్డ నాడి తగ్గుట చూడగానే మొదట వెదకునది గుండెజబ్బును కాదు, ఊపిరిదారిని. గొట్టము జారినదా, మలిగినదా, కఫముతో పూడినదా అని చూచును.

ఇందుకు లెక్క ఉన్నది. పెద్ద మనిషి ఒక కిలో బరువునకు నిమిషమునకు 3 నుండి 4 మిల్లీలీటర్ల ప్రాణవాయువును వాడుకొనును. పసిబిడ్డ 6 నుండి 8 మిల్లీలీటర్లు వాడుకొనును. ఖర్చు రెండింతలు, నిలువ తక్కువ. ఊపిరితిత్తులను ముందుగా ప్రాణవాయువుతో నింపి ఉంచినను, ఆరునెలలలోపు బిడ్డకు ఊపిరి ఆగినయెడల ఒకటిన్నర నిమిషము ప్రాంతముననే రక్తములో ప్రాణవాయువు ప్రమాదపు మట్టమునకు జారుట మొదలిడును. పదునైదేండ్ల కుర్రవానికి ఆరు నిమిషములు పట్టును. కనుక గొట్టము వేయువాని చేతిలో ఉన్న వ్యవధి పెద్దవారి విషయమున ఒక అజాను పిలుపునకు పట్టునంత, బిడ్డ విషయమున దానిలో అరవాసి కూడ కాదు.

ఇక దారి నిర్మాణము. పసిబిడ్డకు తల పెద్దది, ముఖ్యముగ తలవెనుక భాగము. వెల్లకిల పరుండబెట్టగనే గడ్డము రొమ్మువైపు వంగి గొంతు మడతపడును. నోటి పరిమాణమునుబట్టి చూడగ నాలుక పెద్దది. స్వరపేటిక పెద్దవారిలో కంటె ఎత్తున, మెడఎముకలలో మూడవ నాలుగవ ఎముకల ఎదుట ఉండును. అందుచేత చూచువానికి అది ముందుకు, పైకి దాగినట్లు కనబడును. స్వరపేటికకు మూతవంటిదైన ఉపజిహ్విక పెద్దవారిలో వెడల్పుగ బిగువుగ ఉండగా, బిడ్డలో పొడుగై మెత్తనై దొప్పవలె ముడుచుకొని దారికి అడ్డముగ వ్రాలును. వాయునాళపు పొడవు అప్పుడే పుట్టిన శిశువులో 4 నుండి 5 సెంటీమీటర్లు మాత్రమే.

ఈ ‘వాయునాళము’ అను మాటను గురించి చిన్న ముచ్చట. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమై, కొంతకాలము వైద్యవిద్యను కూడ ఆ భాషలోనే నడిపినది. ఆ పుస్తకములలో స్వరపేటికకు ‘హంజరా’ అనియు, వాయునాళమునకు ‘ఖసబతుర్రియా’ అనియు పేర్లు. ‘ఖసబా’ అనగా రెల్లుబోద. ఊపిరితిత్తికి పోవు రెల్లుబోద! కణుపుకణుపుగ ఉంగరములు గల ఆ నాళమును కంటితో చూచినవారికి ఈ మాటలోని సొగసు తెలియును.

భౌతికశాస్త్రపు తరగతిలో ద్రవప్రవాహము పాఠమున పాయిజూయి సూత్రము చదివినవారు ఇచ్చట దానిని ప్రయోగించి చూడవచ్చును. గొట్టము వ్యాసార్ధము తగ్గినకొలది ప్రవాహమునకు అడ్డు దాని నాలుగవ ఘాతమునుబట్టి పెరుగును. నాళపు వ్యాసము 4 మి.మీ. గల శిశువునకు ఒరుసుకొనుటచేత లోపలి పొర చుట్టును 1 మి.మీ. వాచినదనుకొందము. మిగులు వ్యాసము 2 మి.మీ. వైశాల్యము నాలుగవవంతునకు పడిపోవును, అడ్డు 16 రెట్లగును. 8 మి.మీ. నాళము గల పెద్దవానికి అంతే వాపు వచ్చిన అడ్డు మూడు రెట్లకు కొంచెము పైగ మాత్రమే. పెద్దవానికి గొంతు గరగరతో పోవు వాపు బిడ్డకు ఊపిరాడని వాపగుచున్నది. శ్వాసగొట్టమును ఎన్నుకొనుటలో ఇంత జాగ్రత్త ఏల అను ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉన్నది.

గొంతులో గొట్టము వేయుట కొత్త ఆలోచన కాదు. వేయి సంవత్సరముల క్రిందట ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథమున ఊపిరి ఆడనివానికి అవసరమైనచో బంగారుదో వెండిదో గొట్టమును గొంతులోనికి పంపవచ్చునని వ్రాసినాడు. అయితే ఆ పని పసిబిడ్డలకు పెద్దయెత్తున జరిగినది 1885 నుండి, న్యూయార్కు నగరములోని అనాథశిశువుల ఆసుపత్రిలో. హకీములు ఖునాఖ్ అనియు, తెలుగున కంఠసర్పి అనియు పిలువబడిన డిఫ్తీరియాలో గొంతున తెల్లని పొర కట్టి పిల్లలు ఊపిరాడక చనిపోయెడివారు. జోసెఫ్ ఓడ్వయర్ అను వైద్యుడు చిన్న లోహపు గొట్టములు చేయించి, వ్రేలితో తడుముచు, కంటికి కనబడకుండనే వాటిని స్వరపేటికలో నిలిపినాడు. మత్తుమందు ఇచ్చుటకు నోటిద్వారా వాయునాళములోనికి గొట్టము పంపుట అంతకు ముందే 1878లో గ్లాస్గోలో మెకూయిన్ చేసి చూపినాడు. మొదటి ప్రపంచయుద్ధానంతరము ముఖము ఛిద్రమైన సైనికుల శస్త్రచికిత్సలలో ఇవాన్ మగిల్ అను మత్తువైద్యుడు ఈ విద్యకు రబ్బరుగొట్టముతో స్థిరత్వము కల్పించినాడు. 1937లో న్యూకాసిల్‌లో ఫిలిప్ ఎయిర్ పెదవిచీలిన పసిబిడ్డలకొరకు కవాటములు లేని ‘టీ’ ఆకారపు గొట్టమును తెచ్చినాడు. 1950లో లివర్‌పూల్ వైద్యుడు జాక్సన్ రీస్ దానికి తోకతెగిన ఒక రబ్బరుసంచిని తగిలించినాడు. ఆ సంచి నేటికిని మన ఆసుపత్రులలో కనబడును. యంత్రములెన్ని ఉన్నను, చేతిలోని ఆ సంచి ఉబ్బుట తగ్గుటలను బట్టి బిడ్డ ఊపిరిని అరచేతితో తెలిసికొనగల మత్తువైద్యులున్నారు. లారీ చూచియుండిన సంతోషించెడివాడు.

గొట్టపు కొలత బిడ్డ వయస్సునుబట్టి మారును. నెలలు నిండి పుట్టిన శిశువునకు లోపలి వ్యాసము 3 లేక 3.5 మి.మీ. గల గొట్టము సరిపోవును. రెండేండ్లు దాటినవారికి ఒక సులువైన లెక్క ఉన్నది. వయస్సును నాలుగుతో భాగించి నాలుగు కలుపవలెను. నాలుగేండ్ల బిడ్డకు 5 మి.మీ. వచ్చును. ఇది చివర బుడగలేని గొట్టమునకు చెప్పిన లెక్క. బుడగ ఉన్న గొట్టమైతే అర మిల్లీమీటరు తగ్గింతురు. ఎంతలోతు పోవలెనన్న దానికి వయస్సులో సగమునకు పన్నెండు కలిపిన చాలును. నాలుగేండ్ల బిడ్డకు పెదవివద్ద 14 సెంటీమీటర్ల గుర్తు. అయినను లెక్క లెక్కయే, బిడ్డ బిడ్డయే. కనుక లెక్కకు వచ్చిన దానితోబాటు అర మిల్లీమీటరు చిన్నది ఒకటి, పెద్దది ఒకటి చేతికందునట్లు ఉంచనిదే పని మొదలుపెట్టరు.

బుడగ విషయమున యాభై ఏండ్లు నడిచిన వివాదము చెప్పదగినది. పెద్దవారి గొట్టము చివర చిన్న బుడగ ఉండును. దానిని గాలితో ఉబ్బించిన నాళపు గోడకు ఆని సందు మూయును. పసివారి దారి గరాటువలె ఉండి స్వరపేటిక దిగువ ఉన్న క్రికాయిడ్ ఉంగరమువద్ద మిక్కిలి ఇరుకగునని 1951లో ఎకెన్‌హాఫ్ వ్రాసినాడు. ఆ ఉంగరమే సందు మూయును గనుక బుడగ అక్కరలేదని, పెట్టిన వాపు వచ్చునని ఎనిమిదేండ్లలోపు వారికి బుడగలేని గొట్టమునే వాడుచుండిరి. చిత్రమేమనగా ఎకెన్‌హాఫ్ ఆధారపడినది పందొమ్మిదవ శతాబ్దపు మృతదేహముల అచ్చులపైన. 2003లో సజీవులైన పిల్లలను అయస్కాంత చిత్రణముతో పరీక్షించినప్పుడు ఆ గరాటు చిత్రము సరిగా నిలువలేదు. ఆ తరువాత ఐరోపాలోని 24 వైద్యకేంద్రములలో 2,246 మంది పిల్లలమీద జరిపి 2009లో ప్రకటించిన పరిశోధనలో, గొట్టము తీసిన పిదప ఊపిరిలో కూత వచ్చినవారు బుడగగల పక్షమున నూటికి 4.4, బుడగలేని పక్షమున 4.7. తేడా లేదన్నమాట. కాని కొలత సరిపడక గొట్టమును మార్చవలసివచ్చినది బుడగగల పక్షమున నూటికి 2.1, బుడగలేని పక్షమున 30.8. ఒకసారి పోవు గొట్టము ముప్పదిమందికి రెండుసార్లు పోవుచుండెనన్నమాట. నేడు అప్పుడే పుట్టిన శిశువులు, నెలలు నిండనివారు తప్ప మిగిలినవారికి మెత్తని బుడగగల గొట్టములే ఎక్కువగ వాడుచున్నారు. బుడగలోని ఒత్తిడి 20 సెంటీమీటర్ల నీటిమట్టమును మించకుండ కొలిచి చూతురు. పుస్తకములో అచ్చైన మాట యాభై ఏండ్లు ఎదురులేక సాగుట వైద్యములోనే కాదు, మా సాహిత్యచరిత్రలోను ఉన్నది.

ఇప్పుడు పని జరుగు తీరు. అది శస్త్రచికిత్స గదిలో కాదు, ముందురాత్రి ఇంటిలోనే మొదలగును. మత్తులో మ్రింగుడు, దగ్గు అను కాపలాదారులిద్దరు నిద్రపోవుదురు. కడుపులో ఉన్నది పైకి వచ్చిన నేరుగ ఊపిరితిత్తులలోనికి జారును. అందుచేత అన్నము, గేదెపాలు, ఆవుపాలు, డబ్బాపాలు ఆరుగంటల ముందు నిలుపవలెను, తల్లిపాలు నాలుగుగంటల ముందు. మంచినీరు రెండుగంటల ముందువరకు ఇయ్యవచ్చును, కొన్నిచోట్ల గంట ముందువరకు ఇచ్చుచున్నారు. బిడ్డ ఏడ్చుచున్నదని వరండాలో నాయనమ్మ కొంగుచాటున ఒక బిస్కత్తు పెట్టుట, ఎవరైనా అడిగిన ఏమియు పెట్టలేదనుట మన ఊళ్ళలో అరుదు కాదు. అది ప్రేమయే, కాదనలేము. కాని ఆ ఒక్క బిస్కత్తును దాచిపెట్టుట బిడ్డ ప్రాణముతో చెలగాటము. చెప్పిన శస్త్రచికిత్స కొన్నిగంటలు వెనుకకు పోవును, అంతే. జలుబు, దగ్గు, రాత్రి గురక, ఊగుచున్న పాలపన్ను, ఇంతకుముందు మత్తు ఇచ్చినపుడు వచ్చిన చిక్కు, ఇవన్నియు అడుగకున్నను చెప్పవలెను. జలుబుచేసిన గొంతు గొట్టము తాకగానే బిగుసుకొని దారి మూసికొనవచ్చును. అందుచేతనే అత్యవసరము కాని పనిని కొన్నివారములు వాయిదా వేయుదురు. ‘ఇంతదూరము బస్సులో వచ్చితిమి, వాయిదా ఏమి’ అని కోపించువారికి తెలుగులోనో ఉర్దూలోనో ఈ మాట నచ్చజెప్పగలవారు ప్రతి ఆసుపత్రికి కావలెను.

పెద్దవారికి సూదిద్వారా మత్తు ఎక్కింతురు. పసివారికి తరచు ముఖమునకు మెత్తని మాస్కు ఆనించి వాసనతోనే నిద్రపుచ్చి, ఆ పిమ్మట సూది పెట్టుదురు. ఒకప్పుడు ఇందుకు హాలోథేను, నేడు ఎక్కువగ సెవోఫ్లూరేను. శిశువునకు భుజముల క్రింద మడచిన గుడ్డను ఉంతురు. పెద్దవారికి తలక్రింద పెట్టు దిండు స్థానమును ఈ గుడ్డ బిడ్డలో భుజములక్రిందికి మార్చుచున్నది. ప్రాణవాయువును నింపిన పిమ్మట, లారింగోస్కోపు అను దీపముగల పరికరమును ఎడమచేత పట్టి నోటి కుడివైపునుండి దించి నాలుకను ఎడమకు త్రోయుదురు. దీని పలకలు రెండు విధములు. 1941లో మిల్లర్ రూపొందించిన తిన్నని పలక వ్రాలియున్న ఉపజిహ్వికను తానే ఎత్తిపట్టును. 1943లో మాకింటోష్ చేసిన వంపుపలక నాలుక మొదటికిని ఉపజిహ్వికకును నడుమనున్న గుంటలో నిలిచి దానిని పరోక్షముగ ఎత్తును. దొప్పవంటి మెత్తని ఉపజిహ్విక గల పసివారికి తిన్నని పలకయే అనువని పూర్వమునుండి వచ్చిన మాట. చేయి తిరిగినవారు రెండింటితోను పని సాధింతురు. పలకను పండ్లమీద ఆనించి మీటరాదు, ఎత్తవలెను. స్వరతంతువులు తెల్లని చీలికవలె కనబడగానే గొట్టమును వాటినడుమ నడిపి, గొట్టముమీది నల్లని గుర్తు తంతువులవద్ద నిలుచువరకు మాత్రమే పంపుదురు. అడ్డు తగిలిన బలముచేయరు. చిన్నకొలత గొట్టమును అడుగుదురు.

గొట్టము సరియైనచోట పడినదని తెలియుట ఎట్లు? రొమ్ము రెండువైపుల సమముగ లేచుట, చంకలవద్ద స్టెతస్కోపుతో గాలిచప్పుడు వినుట, ఇవి పాతగురుతులు. వీటిలో ఏదియు నమ్మకము కాదు. బిడ్డ శరీరము చిన్నది గనుక అన్నవాహికలో పడిన గొట్టపు చప్పుడు కూడ ఊపిరితిత్తిలో వినబడినట్లే ఉండును. నిశ్వాసములోని బొగ్గుపులుసు వాయువును కొలుచు కాప్నోగ్రాఫు తెరమీద ప్రతి ఊపిరికి అల లేచుట నమ్మదగిన గురుతు. అల నిలువకున్న గొట్టమును తీసివేయవలెను, తర్కించుచు నిలువరాదు. లోతెక్కువై కుడివైపు శ్వాసనాళమున దిగినయెడల ఎడమ ఊపిరితిత్తికి గాలి అందదు. బిడ్డ తల వంచిన గొట్టము లోనికి జరుగును, వెనుకకు వాల్చిన పైకి వచ్చును. నాలుగు సెంటీమీటర్ల నాళములో ఒక సెంటీమీటరు జరుగుట చిన్నమాట కాదు. అందుకే బిడ్డను పక్కకు త్రిప్పిన ప్రతిసారి మరల వినవలెను, గొట్టమును ముఖమునకు అతికించు పని ఉన్నవారిలో అనుభవజ్ఞుడే చేయవలెను.

తంతువులు కనబడనపుడు ఏమి? మా దృష్టిలో ఈ విద్యలోని అసలైన వివేకము ఇచ్చటనే ఉన్నది. అర నిమిషములో పని కాకున్న పలకను తీసి, మాస్కుతో మరల ప్రాణవాయువు పట్టి, మరల చూతురు. ఒకటి రెండు ప్రయత్నములకే పెద్దవైద్యుని పిలుతురు. ప్రతి విఫలయత్నము కొంత వాపును మిగుల్చును, వాపు లెక్క పైన చూచితిమి గదా. బిడ్డ గొట్టము లేక చనిపోడు, గాలి లేక చనిపోవును. మాస్కుతో గాలి పోవుచున్నంతవరకు తొందరలేదు. 1980 దశకమున ఆర్చీ బ్రెయిన్ అను ఆంగ్లవైద్యుడు రూపొందించిన లారింజియల్ మాస్కు స్వరపేటిక పైననే కూర్చుండి నాళములోనికి పోకయే గాలినిచ్చును. చిన్న శస్త్రచికిత్సలకు అదియే చాలును, గొట్టము పడనిచోట అదియే రక్ష. ఇప్పుడు పలకచివర కెమెరాగల వీడియో లారింగోస్కోపులు వచ్చినవి. 2020లో ప్రకటించిన ఒక పరిశోధనలో శిశువులకు మొదటి ప్రయత్నముననే గొట్టము పడినది వీడియోతో నూటికి 93 మందికి, అది లేనిదే 88 మందికి. ఆ అయిదుగురు శిశువులను తలచుకొన్న, ఈ పరికరము జిల్లా ఆసుపత్రికి అక్కరలేదనువారితో మేము ఏకీభవింపలేము.

శస్త్రచికిత్స ముగిసిన పిదప గొట్టమును తీయుట కూడ వేయుటంత పనియే. బిడ్డ పూర్తిగ మత్తులో ఉండగా తీయవచ్చును, పూర్తిగ మేలుకొనిన పిమ్మట తీయవచ్చును. రెంటికిని నడుమ, అరనిద్రలో తీసినయెడల గొంతు బిగుసుకొను భయము ఎక్కువ. గొట్టము పోయిన తరువాత ఒకటి రెండు దినములు గొంతు బొంగురుపోవుట సహజము. ఊపిరి లోనికి పీల్చునపుడు కూత వినబడినను, ప్రక్కటెముకలనడుమ చర్మము గుంటలు పడినను వెంటనే నర్సును పిలువవలెను. అది ఏడుపు అలసటయని ఊరకుండరాదు.

మన మూడు జిల్లాలకు ప్రత్యేకమైన సందర్భమొకటి మిగిలినది. ఇది వేరుశనగ పండునేల. యాసంగి వచ్చిన వనపర్తి, నాగర్‌కర్నూలు మార్కెట్టు యార్డులలో కుప్పలు, ప్రతి ఇంటిలో వేయించిన పల్లీలు. ఒకటి నుండి మూడేండ్ల బిడ్డకు ముందరిపండ్లు వచ్చియుండును, నమలు దంతములు ఇంకను కుదిరియుండవు. పరుగెత్తుచునో నవ్వుచునో నోటిలోని పల్లీబద్దను లోనికి పీల్చును. బద్ద స్వరపేటిక దాటి, తరచు కుడి శ్వాసనాళమున పడి, తేమకు ఉబ్బును. దానిలోని నూనె లోపలిపొరను మండించి వాచజేయును. ఇట్టి బిడ్డకు మామూలు శ్వాసగొట్టము పనికిరాదు, ఎందుకన అడ్డు గొట్టముకన్న దిగువ ఉన్నది. బ్రాంకోస్కోపు అను బిగువైన లోహపుగొట్టమును నేరుగ శ్వాసనాళమువరకు దింపుదురు. దాని పక్కగొట్టము నుండి మత్తువైద్యుడు గాలి పంపుచుండగా, దానిగుండనే శస్త్రవైద్యుడు పటకారుతో బద్దను పట్టి తీయును. ఒకే ఇరుకుదారిలో ఇద్దరి పని! ఒకరు చూచునపుడు మరొకరు ఊపిరి పోయవలెను. బద్ద పటకారునుండి జారి నడినాళమున నిలిచినచో దానిని మరల ఒకవైపునకు త్రోసియైనను గాలి సాగించుట మొదటి ధర్మము. ఈ పని అన్నిచోట్ల జరుగదు. గద్వాలవారు కర్నూలునకు, మిగిలినవారు హైదరాబాదునకు పోవుట పరిపాటి.

బద్ద గొంతులో పడినవెంటనే బిడ్డ గట్టిగ దగ్గగలిగిన దగ్గనియ్యవలెను. నోటిలో వ్రేలుపెట్టి కెలుకరాదు, బద్ద ఇంకను లోనికి పోవును. దగ్గలేక, అరవలేక నీలిబారినచో ఏడాదిలోపు బిడ్డను ముంజేతిమీద తల పల్లమగునట్లు బోర్లించి వీపునడుమ అరచేతి మడమతో అయిదుదెబ్బలు వేసి, వెల్లకిలత్రిప్పి రొమ్ముఎముకమీద అయిదుసార్లు నొక్కవలెను. ఏడాది దాటినవారికి వీపుదెబ్బల పిమ్మట వెనుకనుండి పట్టి బొడ్డుకు పైన, రొమ్ముఎముకకు క్రింద లోనికి పైకి గుంజవలెను. ఈలోగా మరొకరు 108కి ఫోను చేయవలెను.

అన్నిటికన్న మోసము చేయునది మొదటి దగ్గు దానంతట తగ్గిపోవుట. బిడ్డ ఆడుకొనును, ఇంటివారు మరచిపోవుదురు. వారము పదిదినములకు జ్వరము, పిల్లికూతలు మొదలై న్యుమోనియా అనియో ఉబ్బసమనియో మందులు వాడుదురు, తగ్గినట్లే తగ్గి మరల వచ్చును. పల్లీబద్ద ఎక్సురేలో కనబడదు. ఒకవైపు ఊపిరితిత్తి మాత్రము గాలిచిక్కి ఉబ్బియుండవచ్చును, అదియు లేకపోవచ్చును. అప్పుడు వైద్యునకు దారిచూపునది యంత్రము కాదు, ‘పదిదినముల క్రింద పల్లీలు తినుచుండగా ఒకసారి ఉక్కిరిబిక్కిరైనాడు’ అని తల్లియో అక్కయో గుర్తుతెచ్చుకొని చెప్పు ఒక్క వాక్యము.